పాస్‌వర్డ్ గడప దాటదు

పోయిన వేసవిలో తెనాలిలో మా పెదనాన్నగారింట్లో కొత్త సిస్టమ్ పెట్టాం. బల్లమీద పెట్టుకునే పెద్ద కంప్యూటరే. చిన్న తెర మీద అక్షరాలు ఆయనకు ఆనవు. నెట్ కనెక్షన్, దాని రౌటర్ ముందుగదిలో టీవీ పక్కన ఉన్నాయి, సిస్టమ్ వెనకగదిలో ఉంది. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనప బీరువా. వైరు లాగాలంటే గోడలకు బెజ్జాలు కొట్టాలి. పెద్దమ్మ ససేమిరా అంది. అందుకని వైఫై. కంప్యూటర్ షాపు కుర్రాడు వచ్చి, వైఫై అందుకునే డాంగిల్ పెట్టి, తెర మీద ఇంటి నెట్‌వర్క్ పేరు చూపించి, "పాస్‌వర్డ్ కొట్టండి మాస్టారూ" అన్నాడు. పెదనాన్న ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. ఎంటర్ నొక్కబోయి, వేలు ఆపి నావైపు తిరిగారు.

"ఏరా, ఇది గాల్లోనే కదా పోయేది? పక్కింటి వాళ్ల కంప్యూటరుకు కూడా వినపడుతుంది కదా. ఇంక రహస్యం ఏముంది?"

నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి అడిగిన ప్రశ్న అది. "పాస్‌వర్డ్ అసలు ఈ పెట్టె దాటి బయటికే పోదు పెదనాన్నా" అన్నాను. "పోకపోతే నేను సరిగ్గా కొట్టానని అక్కడున్న రౌటరుకు ఎలా తెలుస్తుంది?" అన్నారు వెంటనే. ఆయన ఎంటర్ నొక్కారు, తెర మీద చుక్కలు తిరిగాయి, కనెక్ట్ అయింది. ఆ చుక్కలు తిరిగిన కాసేపట్లో జరిగిన పని నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు. ఆయన రెండో ప్రశ్నకు జవాబుగా ఈ వ్యాసం రాస్తున్నాను.

నాకు తెలిసిన చాలామంది, అందులో కంప్యూటర్ల మీద పనిచేసేవాళ్లు కూడా, అనుకునేది ఇదే: మనం కొట్టిన పాస్‌వర్డ్ రౌటరుకు వెళుతుంది, రౌటర్ తన దగ్గరున్న దానితో పోల్చుకుంటుంది, సరిపోతే తలుపు తీస్తుంది. అలా చేసి ఉంటే పెదనాన్న అనుమానం నిజమయ్యేది. గాలి ఎవరి సొత్తూ కాదు. మన రౌటర్ పలికేది పక్కింట్లో ఉన్న ప్రతి ఫోనుకూ చేరుతుంది. కాబట్టి ఆ పనిని తీర్చిదిద్దినవాళ్ల ముందున్న ప్రశ్న చాలా కష్టమైనది. ఒకరినొకరు చూడని ఇద్దరు, అందరూ వింటున్న వీధిలో నిలబడి, తమ ఇద్దరికీ ఒకే రహస్యం తెలుసని రుజువు చేసుకోవాలి. ఆ రహస్యం మాత్రం పైకి అనకూడదు.

ఈ ప్రశ్నకు మొదట వచ్చిన జవాబు తప్పు జవాబు. అది ఎక్కడ తప్పిందో చూస్తేగాని తరవాతి పనిలోని నేర్పు కనపడదు. 1997లో వచ్చిన తొలి వైఫై ప్రమాణంలోనే ఒక తాళం ఉంది. దాన్ని వెప్ అనేవారు. వైరుకున్నంత గోప్యత గాలికీ ఇస్తామని దాని పూర్తి పేరులోనే మాట ఇచ్చారు. ఆ మాట నిలబడలేదు. అందులో పరిచయం ఇలా జరిగేది: రౌటర్ 128 బైట్ల పాఠం ఒకటి బాహాటంగా పంపుతుంది. కంప్యూటర్ దానికి తన తాళంతో ముసుగు వేసి తిరిగి పంపుతుంది. రౌటర్ ముసుగు తీసి చూసుకుంటుంది. పైకి చూడటానికి బాగానే ఉంది. కానీ వీధిలో వింటున్నవాడికి ముసుగు లేని పాఠం, ముసుగు వేసిన పాఠం రెండూ దొరికాయి. వెప్‌లో ఈ రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి తీసేస్తే మిగిలేది ముసుగే. దాన్ని దాచుకుని, తాళం తెలియకుండానే, రేపు అతనే వచ్చి ఆ పరీక్ష నెగ్గగలడు. రహస్యం తెలుసని నిరూపించడానికి పెట్టిన పరీక్షే దొంగకు పనిముట్టయింది.

రెండో లోపం లెక్కల మాస్టారు ఇట్టే పట్టేది. ప్రతి ప్యాకెట్‌కూ ముసుగు మారాలి గనక వెప్‌లో 24 బిట్ల సంఖ్య ఒకటి కలిపేవారు. 24 బిట్లంటే 1,67,77,216 రకాలు. ఒక కోటి అరవై ఏడు లక్షలు వినడానికి పెద్దదే. కానీ సెకనుకు 11 మెగాబిట్ల వేగంతో తెరిపి లేకుండా నడిచే నెట్‌వర్క్ ఆ సంఖ్యలన్నిటినీ దాదాపు ఐదు గంటల్లో వాడేస్తుంది. ఆ తరవాత పాత ముసుగే మళ్లీ రావాలి. 2001లో స్కాట్ ఫ్లూరర్, ఇట్సిక్ మాంటిన్, ఆది షమీర్ కలిసి ఇంకా లోతుకు వెళ్లారు. వెప్ వాడిన ఆర్‌సీ4 అనే యంత్రంలో కొన్ని రకాల సంఖ్యలు తాళంచెవి తాలూకు తునకలను బయటపెడతాయని చూపించారు. 2007కల్లా జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు ముగ్గురు నిమిషంలోపే దాన్ని విప్పారు.

అప్పటికే వెప్ పెట్టెలు ఊరూరా అమ్ముడైపోయాయి. ఇక్కడ ఒక చిన్న పనితనాన్ని పొగడకుండా ముందుకు పోలేను. పాత పెట్టెల్లోని చిప్పులు బలహీనమైనవి, కొత్త గూఢలిపి మోసే శక్తి వాటికి లేదు. అలాగని జనాన్ని కొత్తవి కొనుక్కోమనలేరు. ఆ చిప్పులు చేయగలిగిన కూడికలూ తిప్పుళ్లతోనే టీకిప్ అనే మరమ్మతు తయారుచేసి, 2003లో డబ్ల్యూపీఏ పేరుతో సాఫ్ట్‌వేర్ మార్పుగా అందించారు. అందులో ప్యాకెట్ మధ్యలో ఎవరూ దిద్దలేదని చూసే ముద్రను నీల్స్ ఫెర్గూసన్ రూపొందించాడు. దాని పేరు మైకేల్. చిప్పు బలం తక్కువ కాబట్టి ముద్ర బలం కూడా తక్కువేనని ఆయనకు తెలుసు. అందుకని దాని పక్కన ఒక కాపలా పెట్టారు. 60 సెకన్లలోపు రెండుసార్లు దొంగముద్ర కనపడితే రౌటర్ 60 సెకన్లపాటు పని ఆపేస్తుంది. తన పనిముట్టు ఎంత బలహీనమో తెలిసి, ఆ లెక్క దాచకుండా దానికి తగ్గ కాపు వేయడం మంచి పనివాడి లక్షణం.

అసలైన కట్టడం 2004 జూన్‌లో ఐట్రిపుల్‌ఈ సంస్థ ఆమోదించిన 802.11ఐ. దాన్నే మనం డబ్ల్యూపీఏ2 అంటున్నాం. 2006 మార్చి నుంచి వైఫై గుర్తు కావాలనుకున్న ప్రతి కొత్త పరికరంలోనూ అది ఉండి తీరాలన్నారు. పెదనాన్న సిస్టమ్ కలిసింది దీంతోనే.

ఇక ఆ చుక్కలు తిరిగిన కాసేపటికి వద్దాం.

పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాలు ఉండవచ్చు. ఎంటర్ నొక్కగానే కంప్యూటర్ మొదట చేసేది ఎవరితోనూ మాట్లాడకపోవడం. పాస్‌వర్డునూ నెట్‌వర్క్ పేరునూ కలిపి తనలో తానే రుబ్బుతుంది. ఒకసారి రుబ్బగా వచ్చినదాన్ని మళ్లీ రుబ్బుతుంది. అలా 4096 సార్లు. చివరికి 256 బిట్ల ముద్ద ఒకటి వస్తుంది. రుబ్బిన పిండిలోంచి గింజను వెనక్కి తీయలేనట్టే ఆ ముద్దలోంచి పాస్‌వర్డ్‌ను వెనక్కి తీయలేం. రౌటర్ కూడా తనకు మనం ముందే చెప్పిన పాస్‌వర్డునూ తన పేరునూ కలిపి ఇలాగే రుబ్బి ఉంచుకుంటుంది. ముందుగదిలో ఒక రోలు, వెనకగదిలో ఒక రోలు. దినుసులు ఒకటే అయితే పిండి ఒకటే. ఇంతవరకూ రహస్యం గురించి గాల్లో ఒక్క మాట నడవలేదు.

4096 సార్లు ఎందుకు? ఇంటి యజమానికి ఈ పని ఒక్కసారే, అతనికి ఆ ఆలస్యం తెలియదు. పాస్‌వర్డ్ ఊహించి దూరాలనుకునేవాడు మాత్రం ప్రతి ఊహకూ 4096 సార్లు రుబ్బుకోవాలి. యజమానికి చిటికెడు ఖర్చు, దొంగకు కొండంత ఖర్చు అయ్యేలా పనిని అమర్చారు. మరి నెట్‌వర్క్ పేరు ఎందుకు? గూఢలిపి శాస్త్రంలో దీన్ని ఉప్పు అంటారు. రెండిళ్లవాళ్లు తెలియక ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా, పేర్లు వేరు కాబట్టి ముద్దలు వేరవుతాయి. ఒక ఇంటికోసం రుబ్బి పెట్టుకున్న పట్టిక ఇంకో ఇంటికి పనికిరాదు. రౌటర్‌తో వచ్చిన పేరును మార్చుకోమని చెప్పేది ఇందుకే. అందరికీ ఉండే పేరైతే దానికి ముందే పట్టికలు తయారుచేసి పెట్టుకున్నవాళ్లుంటారు.

ఇప్పుడు సంభాషణ మొదలవుతుంది. సరిగ్గా నాలుగు మాటలు. వైర్‌షార్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మా ఇంటి గాలిని నేను చాలాసార్లు విన్నాను. వేల ప్యాకెట్ల రద్దీలో ఈ నాలుగింటినే వడకట్టి చూస్తే, 4లో 1వ సందేశం, 4లో 2వ సందేశం అంటూ నాలుగు వరసలు వస్తాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ నాలుగు వరసలు ఒక మంచి చాటువులా తోస్తాయి. తీసేయడానికి ఒక్క మాట ఉండదు.

మొదటి మాట రౌటర్‌ది. అది ఒక సంఖ్య పంపుతుంది, అంతే. 256 బిట్లది, మామూలు అంకెల్లో రాస్తే 78 అంకెల దాకా పోతుంది. అప్పటికప్పుడు కల్పించినది, మళ్లీ వాడనిది. దీనికి ముసుగూ లేదు, ముద్రా లేదు. పక్కింటివాళ్లు విన్నా ఫరవాలేదు.

కంప్యూటర్ కూడా అలాంటిదే ఒక సంఖ్య తనకోసం కల్పించుకుంటుంది. ఇప్పుడు దాని దగ్గర ఐదు దినుసులున్నాయి: రుబ్బిన ముద్ద, రౌటర్ సంఖ్య, తన సంఖ్య, రౌటర్ చిరునామా, తన చిరునామా. ఐదింటినీ కలిపి ఈ పూటకు మాత్రమే పనికొచ్చే కొత్త తాళం తయారుచేస్తుంది. రేపు మళ్లీ కనెక్ట్ అయితే సంఖ్యలు మారతాయి, తాళమూ మారుతుంది.

ఇక్కడ ఒక వివరం ఉంది. మొత్తం కట్టడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. దినుసులు ఏ వరసలో కలపాలి? అటూ ఇటూ వరస ఒక్కటే కాకపోతే తాళాలు కలవవు. నాది ముందా నీది ముందా అని అడుక్కోవాలంటే మరో మాట ఖర్చవుతుంది. ప్రమాణం రాసినవాళ్లు ఒక చిన్న నియమంతో తేల్చేశారు. రెండు చిరునామాల్లో చిన్నది ముందు, పెద్దది తరవాత. రెండు సంఖ్యల్లోనూ అంతే. చిన్నదేదో పెద్దదేదో ఎవరు చూసినా ఒకటే. రెండు వైపులా ఎవరినీ అడగకుండా ఒకే వరస వచ్చేస్తుంది. పెళ్లిపందిట్లో ఎవరు ముందు కూర్చోవాలన్న తగువు రాకుండా వయసు వరసన విస్తళ్లు వేసినట్టు. ఇలాంటిది ఎవరికీ కనపడదు, ఎవరూ మెచ్చుకోరు. కానీ చెయ్యి తిరిగిన పనివాడి గుర్తు ఇలాంటిచోటే ఉంటుంది.

తయారైన తాళం 384 బిట్లు. దాన్ని మూడు ముక్కలు చేస్తారు, ఒక్కొక్కటి 128. ఒకటి ముద్రలు వేయడానికి, ఒకటి ఇంకో తాళాన్ని చుట్టి పంపడానికి, ఒకటి మనం చూసే సినిమాలూ రాసే ఉత్తరాలూ కప్పడానికి. బీరువా తాళంతో వీధిగుమ్మం తీయకూడదన్న పద్ధతి ఇది. ఒక పనిలో చెవి అరిగినా ఇంకో పని చెడదు.

రెండో మాట కంప్యూటర్‌ది. తన సంఖ్యను పంపుతూ, ఆ సందేశం కింద మొదటి ముక్కతో ముద్ర వేస్తుంది. వింటున్నవాడికి సంఖ్య అందుతుంది గానీ ఆ ముద్ర వేసే శక్తి రాదు. రౌటర్ ఇప్పుడు తన దగ్గరున్న ముద్దతో, రెండు సంఖ్యలతో అదే లెక్క చేసి, తనకూ అదే ముద్ర వస్తుందో లేదో చూస్తుంది. వస్తే, ఎదుటివాడికి పాస్‌వర్డ్ తెలుసు. పెదనాన్న రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది: పాస్‌వర్డ్ చేరలేదు, పాస్‌వర్డ్ తెలిసినవాడు మాత్రమే వేయగలిగిన ముద్ర చేరింది.

ముద్ర కలవకపోతే రౌటర్ ఏమంటుంది? ఏమీ అనదు. తప్పు అని కూడా చెప్పదు. ఆ సందేశాన్ని పక్కన పడేసి, మొదటి మాటే ఇంకోసారి చెప్పి, చివరికి ఊరుకుంటుంది. మూడో మాట రాకపోవడం చూసి, పాస్‌వర్డ్ తప్పయి ఉంటుందని మన కంప్యూటరే అనుకుని మనకు చెబుతుంది.

మూడో మాట మళ్లీ రౌటర్‌ది, ఈసారి ముద్రతో. ఇంతవరకూ కంప్యూటర్ తనను నిరూపించుకుంది. రౌటర్ ఇంకా నిరూపించుకోలేదు. మన ఇంటి నెట్‌వర్క్ పేరే పెట్టుకుని వీధిలో ఎవరైనా దొంగ రౌటర్ నిలబెట్టవచ్చు కదా. ఈ చోట నాకు ఎప్పుడూ సుందరకాండ గుర్తొస్తుంది. బిచ్చగాడి వేషంలో వచ్చినవాణ్ణి నమ్మి ఒకసారి మోసపోయిన మనిషి సీత. అందుకే హనుమంతుడు రామదూతనని చెప్పినా వెంటనే నమ్మలేదు. రాముడి గుర్తులు చెప్పమంది. అతను చెప్పాడు, ఉంగరం చూపించాడు. అక్కడితో అయిపోలేదు. నిజంగా సీతను చూశానని హనుమంతుడు అటు రాముణ్ణి నమ్మించాలి. అందుకని ఆమె తామిద్దరికే తెలిసిన కాకాసురుడి కథ చెప్పింది, చూడామణి ఇచ్చింది. ఆనవాలు ఇటునుంచీ అటునుంచీ నడవాలి. ఒకవైపే నడిస్తే అది సగం నమ్మకమే. వాల్మీకికి తెలిసిన ఈ సంగతి వెప్ తయారుచేసినవాళ్లకు తట్టలేదు, 802.11ఐ రాసినవాళ్లు పట్టుకున్నారు. పైగా వీళ్ల ఆనవాలులో కాకాసురుడి కథను పైకి చెప్పనక్కరలేదు. ఆ కథ తెలిసినవాళ్లకే కుదిరే ముద్ర చాలు.

మూడో మాటలో ఇంకో రెండు సంగతులు మడిచి పెట్టారు. ప్రతి రౌటర్ సాధారణంగా సెకనుకు సుమారు పదిసార్లు తన పేరునూ తనకు తెలిసిన తాళాల రకాలనూ చాటుతూ ఉంటుంది. ఆ చాటింపుకు ముద్ర లేదు. మధ్యలో ఎవడో దాన్ని వక్రించి, దీనికి పాత బలహీనమైన తాళమే తెలుసు అని మన కంప్యూటర్‌ను నమ్మించవచ్చు. అందుకని మూడో మాటలో రౌటర్ అదే జాబితాను ముద్ర వేసి మళ్లీ చెబుతుంది. ముందు విన్న జాబితా, ఇప్పుడు ముద్రతో వచ్చిన జాబితా పొల్లుపోకుండా ఒకటైతేనే కంప్యూటర్ ముందుకు పోతుంది. రెండో మాటలో కంప్యూటర్ కూడా తన జాబితాను ఇలాగే పంపింది. రెండో సంగతి, ఇంట్లో అందరికీ ఒకేసారి పంపే సందేశాల కోసం ఉన్న ఉమ్మడి తాళం. దాన్ని ఇందాకటి రెండో ముక్కతో చుట్టి ఇందులోనే ఇచ్చేస్తుంది.

నాలుగో మాట, అందింది అని కంప్యూటర్ వేసే ముద్ర. అక్కడినుంచి ప్రతి డేటా ప్యాకెట్ ఏఈఎస్ ముసుగులో నడుస్తుంది. బెల్జియం వాళ్లైన యోవాన్ డామన్, విన్సెంట్ రైమన్ చేసిన ఆ లిపిని అమెరికా ప్రభుత్వం 2001లో తన ప్రమాణంగా తీసుకుంది. వెప్‌లో 24 బిట్లతో చేసిన తప్పు మళ్లీ జరగకుండా ప్యాకెట్ల లెక్కకు ఇక్కడ 48 బిట్లు ఇచ్చారు. అంటే 281 లక్షల కోట్లకు పైగా సంఖ్యలు. సెకనుకు పదివేల ప్యాకెట్ల చొప్పున పంపినా అవి అయిపోవడానికి 890 ఏళ్లు పడుతుంది. ఐదు గంటల నుంచి 890 ఏళ్లకు. బిట్లు మాత్రం రెట్టింపే అయ్యాయి.

ఇదంతా ఎంత సన్నని దారం మీద నడుస్తోందో షాపు కుర్రాడి పని చూస్తే తెలిసింది. అతను మొదట డాంగిల్‌ను సీపీయూ వెనకాల, గోడవైపు ఉన్న నీలిరంగు పోర్టులో పెట్టి చూశాడు. సిగ్నల్ గీతలు ఒకటీ రెండూ వస్తున్నాయి. "వెనకాల రేకు అడ్డమొస్తుంది మాస్టారూ. పైగా ఈ బ్లూ పోర్టులో పెడితే సిగ్నల్ తగ్గుద్ది, నల్లదాంట్లో పెడదాం" అన్నాడు. సంచిలోంచి మీటరు పొడుగు ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసి, నల్ల పోర్టులో గుచ్చి, డాంగిల్‌ను బల్ల అంచుమీదికి, బీరువా నీడ తప్పేలా జరిపాడు. గీతలు నిండాయి. యూఎస్‌బీ 3.0 పోర్టులూ కేబుళ్లూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థ 2012లో కొలిచి ప్రకటించింది. ఈ కుర్రాడు ఆ పత్రం చదివి ఉండకపోవచ్చు. ఇళ్లల్లో తిరిగి, పెట్టి తీసి, చెవిన పడ్డదీ కంటపడ్డదీ కలిపి అదే నిజానికి చేరుకున్నాడు. బీరువా కదపమనలేదు, గోడ తొలచమనలేదు. మీటరు వైరుతో పని ముగించాడు.

అతను సరిచేశాక నేను సిగ్నల్ కొలిచాను. మైనస్ 67 డీబీఎమ్ చూపించింది. రౌటర్ పదోవంతు వాట్‌తో పలికితే, అందులో యాభై కోట్లవ వంతు ఆ డాంగిల్‌కు అందుతోందన్నమాట. అంత సన్నని గుసగుసలో, పక్కింటి రౌటర్లూ బ్లూటూత్‌లూ వంటింటి మైక్రోవేవూ పంచుకునే పట్టీ మీద, 78 అంకెల సంఖ్య ఒక్క బిట్ తేడా రాకుండా చేరితేనే ముద్ర కలుస్తుంది. ఈ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని మన దేశంలో 2005లో లైసెన్స్ అక్కరలేకుండా వదిలారు. అది జరగకపోతే తెనాలి వెనకగదిలో ఈ ముచ్చటే లేదు.

ఇంత చేసి నాలుగు మాటల ఒప్పందాన్ని నమ్మండి అని ఊరుకోలేదు. 2005లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చాంగ్వా హె, ముకుంద్ సుందరరాజన్, అనుపమ్ దత్తా, ఆంటే డెరెక్, జాన్ మిచెల్ కలిసి దీన్ని గణితంలో రుజువు చేశారు. అడుగడుగునా తర్కం పెట్టి, వింటున్నవాడికి ఈ తాళం దక్కదని చూపించారు. లెక్కల మాస్టారికి ఇది చెప్పినప్పుడు ఆయన ముఖం వెలిగింది. తాళానికి సిద్ధాంతం, దానికి నిరూపణ!

ఆ నిరూపణ వచ్చిన పన్నెండేళ్లకు, 2017 అక్టోబర్‌లో, బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం నుంచి మాథీ వాన్‌హూఫ్ ఒక పగులు చూపించాడు. ఏఈఎస్ తయారుచేసిన ఇద్దరూ పట్టా తీసుకున్న విశ్వవిద్యాలయమే అది. నాలుగో మాట దారిలో పోయిందనుకుందాం. అందలేదనుకుని రౌటర్ మూడో మాట మళ్లీ చెబుతుంది. అది విన్న కంప్యూటర్ అప్పటికే వేసుకున్న తాళాన్ని మళ్లీ కొత్తగా వేసుకుంటుంది. అలా వేసుకోగానే ప్యాకెట్ల లెక్క మొదటికి వస్తుంది, ఒకసారి వాడిన ముసుగు రెండోసారి వాడబడుతుంది. వింటున్నవాడు నాలుగో మాటను కావాలనే అడ్డగిస్తే చాలు. రుజువులో తప్పు లేదు. తాళం బయటపడదని అది చెప్పింది, నిజంగానే బయటపడలేదు. తాళాన్ని ఎప్పుడు, ఎన్నిసార్లు తగిలించాలో మాత్రం రుజువు లెక్కలోకి తీసుకోలేదు.

లినక్స్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఈ పని చేసేది యౌని మాలినెన్ అనే ఫిన్లాండ్ పనివాడు ఏళ్లతరబడి రాస్తూ, దిద్దుతూ వచ్చిన డబ్ల్యూపీఏ సప్లికెంట్. తగిలించిన తరవాత తాళాన్ని జ్ఞాపకంలోంచి తుడిచేయమని ప్రమాణంలో ఒక సలహా ఉంది. మంచి అలవాటే. ఆ సాఫ్ట్‌వేర్ అలాగే తుడిచింది. దాంతో రెండోసారి తగిలించేసరికి అక్కడ మిగిలింది అన్నీ సున్నాలున్న తాళం. శుభ్రంగా పనిచేసినవాడికే ఎక్కువ దెబ్బ తగిలింది. అయినా సంగతి లోకానికి తెలిసిన రోజే దిద్దుబాటు కూడా సిద్ధంగా ఉంది. చాలా చిన్న దిద్దుబాటు: ఒకసారి తగిలించిన తాళాన్ని మళ్లీ తగిలించకు. నాలుగు మాటలూ మారలేదు. దిద్దిన కంప్యూటర్ దిద్దని రౌటర్‌తోనూ మాట్లాడగలిగింది. ఇంత చిన్న మరమ్మతుతో నిలబడ్డ ఇంటికి పునాది మంచిదని నా తీర్పు.

ఒక బలహీనత మాత్రం ఈ కట్టడంలో పుట్టుకతో ఉంది, దాన్ని దాచను. నాలుగు మాటలనూ విన్నవాడు వాటిని ఇంటికి తీసుకుపోయి, తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డ్ ఊహించి, రుబ్బి, ముద్ర కలుస్తుందేమో చూసుకోవచ్చు. మన రౌటరుకు ఆ సంగతే తెలియదు. ఇంకోటి, పాస్‌వర్డ్ తెలిసిన పక్కింటివాళ్లు మన నాలుగు మాటలు కూడా వింటే మన పూట తాళం తయారుచేసుకోగలరు. ఈ రెండు కంతలూ పూడ్చడానికి 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. డాన్ హార్కిన్స్ రూపొందించిన కొత్త పరిచయం అందులో నాలుగు మాటలకు ముందు నడుస్తుంది. దాంట్లో ఒక్కో ఊహకూ రౌటర్ ఎదుట నిలబడి అడగాల్సిందే, ఇంటికి తీసుకుపోయి రుబ్బడం కుదరదు. మీ రౌటరూ సిస్టమూ రెండూ దాన్ని ఎరిగినవైతే అదే పెట్టుకోండి.

పెదనాన్న ఇంటి రౌటర్ పాతది, డబ్ల్యూపీఏ2 వరకే తెలుసు. ఆ రోజు ఆయన కొట్టిన పాస్‌వర్డ్ ఏమిటో తరవాత అడిగాను. తన సెల్ నంబరు. మనవాళ్లిళ్లల్లో సగం పాస్‌వర్డులు ఇలాంటివే. కాగితం తీసుకుని ఇద్దరం లెక్క వేశాం. మన సెల్ నంబర్లు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు. అంటే మొత్తం 400 కోట్లు. ఇవాళ్టి మంచి గ్రాఫిక్స్ కార్డు 4096 సార్లు రుబ్బే పనిని కూడా సెకనుకు పది లక్షల పాస్‌వర్డులకు మించి చేయగలదు. 400 కోట్లను పది లక్షలతో భాగిస్తే 4000 సెకన్లు, గంటా ఏడు నిమిషాలు. పెదనాన్న కళ్లద్దాలు తీసి కాగితం బల్లమీద పెట్టారు. "అంత పని చేసినవాళ్లకు మనం చేయాల్సింది ఇంకాస్త ఉందన్నమాట" అన్నారు.

ఆయన ఇప్పుడు ఒకదానికొకటి పొంతన లేని ఐదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పెట్టుకున్నారు. మొత్తం 31 అక్షరాలు. ఏ పాటలోవీ పద్యంలోవీ కావు, వేలు పెట్టి డైరీలోంచి ఏరుకున్నవి. మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఇంకా సెల్ నంబరో పుట్టినరోజో అయితే, దయచేసి ఈ సాయంత్రమే మార్చండి.